రెండు యుద్ధముల నడుమ ఒక సేనాని: శ్రీకాకుళమున ఇబ్రహీంఖాను గార్దీ

ప్రస్తావన

ఉత్తరాంధ్ర చరిత్రలో 1757 జనవరి 24వ తేది వలె జనుల మనస్సులో నాటుకొనిన తేది మఱియొకటి లేదు. బొబ్బిలి కోట పతనమును తలచినంతనే రంగారావు, తాండ్ర పాపారాయుడు, పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆతని దివాను హైదరుజంగు అను పేర్లు మన నాలుకపైకి వచ్చును. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము వలనను, జంగముకథగా ఊరూర పాడబడిన బొబ్బిలి కథ వలనను ఈ పేర్లు పండితులకును పామరులకును సమానముగ పరిచితములయ్యెను. ఈ వరుసలో చేరని పేరొకటి కలదు. యుద్ధమునకు కొలది నెలలకు పూర్వమువఱకు శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల అధికారిగా నుండి, బుస్సీ వచ్చుచున్నాడని వినినంతనే దేశము విడిచిపోయిన ఇబ్రహీంఖాను పేరది.

మహారాష్ట్ర చరిత్రకారులకు ఈతడు అపరిచితుడు కాడు. ఉదగీరు యుద్ధమునందు, పానిపట్టు రణరంగమునందు పీష్వా పక్షమున ఫిరంగులను, కవాతు నేర్చిన కాల్బలమును నడిపిన ఇబ్రహీంఖాను గార్దీ ఈతడే. అయితే ఆ గ్రంథములలో ఈతని కథ సాధారణముగ 1759 ప్రాంతమున మొదలగును. మన జిల్లా చరిత్రలలో 1756తో ముగిసిపోవును. ఒక మనుష్యుని జీవితము రెండు ప్రాంతముల చరిత్రల నడుమ రెండు ముక్కలై పడియున్నది. ఆ ముక్కలను జోడించి చూచినచో రెండు ప్రశ్నలకు సమాధానము దొరకునని నా అభిప్రాయము. ఇబ్రహీంఖాను బుస్సీని ఏల ధిక్కరించెను? ఆ ధిక్కారమునకును బొబ్బిలి వినాశమునకును సంబంధ మేమి? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమున నుద్దేశము.

గార్దీ: కొలువు, జీతము

ముందుగా 'గార్దీ' అను మాటను గూర్చి చెప్పవలసియున్నది. ఇది వంశనామము గాదు, ఊరి పేరును గాదు. కావలిదండు అను నర్థముగల 'గార్ద్' అను ఫ్రెంచి మాటనుండి వచ్చినదని సాధారణముగ చెప్పుదురు. ఐరోపా పద్ధతిని కవాతు నేర్చి, చకుముకి తుపాకులు పట్టి, వరుసలు తీర్చి పోరాడు దేశీయ కాల్బలమునకు దక్కనునందు ఈ పేరు కలిగెను. ఆ దళముల నాయకులకు అదియే బిరుదమయ్యెను. ఉత్తర హిందూస్థానమున ఇట్టి సిపాయిలనే 'తెలింగాలు' అని పిలిచిరి. కలకత్తా సిరాజుద్దౌలా వశమైన పిమ్మట 1756లో క్లైవు చెన్నపట్టణమునుండి ఓడలపై తీసికొనిపోయిన సిపాయిలవలన ఆ పేరు వంగదేశమున వ్యాపించెను. తెలుగుదేశపు పేరు ఒక యుద్ధవిద్యకు పేరగుట మన చరిత్రలో గమనింపదగిన విశేషము.

ఈ క్రొత్త సేనకును పాత సేనలకును గల భేదము ఆయుధములయందుకంటె జీతమునందే యెక్కువగ నుండెను. జమీందారుల బంట్లకు మాన్యములుండెడివి. వారు యుద్ధకాలమున వచ్చి, పంటకాలమున పొలములకు పోయెడివారు. మొగలాయి సర్దారులు తమ జాగీరులతో గుఱ్ఱపుదళములను పోషించుకొనిరి. గార్దీలకు మాన్యము లేదు, జాగీరు లేదు. వారికి నెల నెల రొక్కము చెల్లవలెను. కవాతు నిత్యము జరుగవలెను గనుక వారిని పొలములకు పంపుట పొసగదు. ఫిరంగుల సంగతి ఇంకను కష్టము. వానిని లాగుటకు ఎద్దులు, వాని వెంట గోలందాజులు, మందుగుండు బండ్లు, వడ్రంగులు, కమ్మరులు, కళాసులు నుండవలెను. వీరందఱకును శాంతికాలమునందును కూలి ముట్టవలసినదే. పాతసేన యుద్ధకాలపు వ్యయము. క్రొత్తసేన నిత్యవ్యయము. కావున ఇట్టి సేనను పెట్టుకొనిన ప్రభువు నిత్యాదాయమునిచ్చు భూమిని వెదకికొనక తప్పదు. శ్రీకాకుళం సర్కారు ఫ్రెంచివారి చేతికి వచ్చుటకు ఇదియే మూలకారణము.

సర్కారుల పూర్వస్థితి

శ్రీకాకుళము గోలకొండ సుల్తానుల కాలమునుండియు ఉత్తర మండలమునకు ముఖ్యపట్టణము. 1641లో షేర్‌మహమ్మదుఖాను కట్టించిన మసీదు నేటికిని ఆ కాలమునకు సాక్షిగా నిలిచియున్నది. బొబ్బిలి, విజయనగర వంశముల మూలపురుషు లిరువురును ఆ ఖానుని వెంట వచ్చినవారే యని ఆ సంస్థానముల ఐతిహ్యము. గోలకొండ 1687లో మొగలాయిల వశమైన పిమ్మటను, 1724లో నిజాముల్‌ముల్కు స్వతంత్రుడైన పిమ్మటను ఇచ్చటి పాలనాక్రమము పెద్దగ మారలేదు. పట్టణమున ఫౌజుదారు, చుట్టును జమీందారులు. తరువాతికాలమున ఆర్కాటు నవాబైన అన్వరుద్దీనుఖాను కూడ ఒకప్పుడిచ్చట అధికారము నెఱపినవాడే. ఫౌజుదారునకు సంస్థానములపై అధికారము కాగితమున సంపూర్ణము. వాస్తవమున అది ఆతని సేన యెంత దూరము పోగలదో అంతవఱకే. కొండలలోను వెదురుపొదలలోను దాగిన కోటలనుండి పేష్కషు రాబట్టుట ప్రతియేడును చిన్న దండయాత్ర వంటిది.

1751లో ముజఫరుజంగు కడప సీమలో హతుడు కాగా, బుస్సీ సలాబత్‌జంగును నిజాము గద్దెపై నిలిపెను. ఆ గద్దెను కాపాడుటకు ఫ్రెంచి సేన హైదరాబాదునందును ఔరంగాబాదునందును నిలువవలసి వచ్చెను. జీతములు బకాయిపడెను. అందుచే బుస్సీ 1753 నవంబరులో ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను సేనా పోషణార్థము సలాబత్‌జంగునుండి పొందెను. మోటుపల్లి ప్రాంతమునుండి జగన్నాథక్షేత్రమువఱకు ఆఱువందల మైళ్ల సముద్రతీరము ఫ్రెంచివారి వశమైనదనియు, సాలుకు ఆదాయము సుమారు 42,87,000 రూపాయలనియు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్ము వ్రాసెను.

కాగితముపై వచ్చిన సర్కారులు చేతికి వచ్చుట సులభము కాలేదు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరముల నవాబుగా నున్న జాఫరలీఖాను అధికారము విడువనొల్లక విజయరామరాజుతో చేతులు కలిపెను. మచిలీపట్టణమునందలి ఫ్రెంచి అధికారి మొరాసిన్ ఆ రెండు సర్కారులను తక్కువ మొత్తమునకు విజయరామరాజునకే గుత్తకిచ్చెదనని ఆశ చూపి వారి పొత్తును విడదీసెను. జాఫరలీ ఆగ్రహించి నాగపూరు భోంసలే సేనలను కనుమల గుండ మన సీమకు రప్పించెను. 1754లో ఆ దండు విజయనగర సంస్థానమును కొల్లగొట్టి, భీమునిపట్టణమునందలి డచ్చివారి కోఠీని దోచి, గోదావరి దాటి పోయి, దొరికినది మూటగట్టుకొని తిరిగిపోయెను. ఆసరా తప్పిన జాఫరలీ సలాబత్‌జంగును శరణుజొచ్చెను. ఈ దండయాత్ర ఒక పాఠము నేర్పినది. సర్కారునందు గుత్తదారు ఒక్కడే చాలడు, కవాతు నేర్చిన సేనతో నిలువగల అధికారి యొకడు కావలెను. ఆ స్థానమునకు బుస్సీ ఎన్నుకొనినవాడు ఇబ్రహీంఖాను.

విరామకాలపు అధికారి

ఇబ్రహీంఖాను ఉన్నతవంశమున పుట్టిన మొగలాయి సర్దారు కాడు. ఫ్రెంచి కొలువున సిపాయిల దళములయందు పెరిగి, బుస్సీ యనుగ్రహమున అధికారము గడించినవాడు. ఓర్ము కూడ ఈతడు చిన్న స్థితినుండి బుస్సీచే పైకి తేబడినవాడనియే చెప్పుచున్నాడు. ఇట్టివానిని ఫౌజుదారు పీఠమున కూర్చుండబెట్టుట శ్రీకాకుళమునకు క్రొత్త. పూర్వపు ఫౌజుదారులకు వంశబలముండెను, దర్బారున బంధువులుండిరి. ఈతనికి ఉన్న బలము రెండే: తన సిపాయిలు, తన యజమాని. బుస్సీ లెక్క కూడ ఇదియే యని ఊహింపవచ్చును. స్వంతబలము లేనివాడు స్వామిని విడువడు గదా! ఆ లెక్కలో లోపమెచ్చట నున్నదో రెండేండ్లలో తేలిపోయెను.

ఈ నియామకము జరిగిన సమయమును గమనింపవలెను. 1754 ఆగస్టులో గొడెహూ పుదుచ్చేరికి వచ్చి డూప్లేను తొలగించెను. ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని సంధి కుదిరి, కర్ణాటకమున రెండవ యుద్ధము ముగిసెను. సప్తవర్ష సంగ్రామము ఐరోపాలో 1756 మేలో ప్రకటితమై, ఆ వార్త ఆ యేటి చివరకు గాని ఈ తీరమునకు చేరలేదు. 1755 మొదలు 1756 చివరవఱకు గల ఈ రెండేండ్లును రెండు యుద్ధముల నడిమి విరామము. ఇబ్రహీంఖాను శ్రీకాకుళపు అధికారము సరిగా ఈ విరామమునందే యిమిడియున్నది.

యుద్ధవిద్య తప్ప వేఱు విద్య యెఱుగని సేనాని శాంతికాలమున ఏమి చేయును? ఈ ప్రశ్న అన్ని దేశములయందును, అన్ని కాలములయందును పుట్టినదే. మొదటి ప్రపంచయుద్ధానంతరము వెర్సాయి సంధిచే జర్మనీ సేన లక్షమందికి కుదింపబడినప్పుడు అచ్చటి ఫిరంగిదళాధికారులలో కొందఱు కొలువు కోల్పోయిరి, కొందఱు కుదింపబడిన సేనలోనే నిలిచి తమ విద్యను కాపాడుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దపు దక్కనునందు సేనానికి దొరకు శాంతికాలపు కొలువు ఒక్కటే: శిస్తు వసూలు. తుపాకి పట్టిన చేయియే లెక్కల పుస్తకమును పట్టవలెను. సిపాయిల జీతము సర్కారు ఆదాయమునుండి, ఆదాయము జమీందారుల కిస్తులనుండి, కిస్తులు సిపాయిల భయమునుండి రావలెను. ఇది గానుగ వంటి వలయము. ఎద్దు నడచినంతసేపు నూనె వచ్చును. ఒక్కచోట ఆగినచో అంతయు నాగును.

ఈ వలయమున ఇబ్రహీంఖానుకు ప్రక్కనే మఱియొక బలవంతుడుండెను. గుత్తదారైన విజయరామరాజు సంస్థానాధిపతులలో అగ్రగణ్యుడు. రాబడి ఆతని చేతిలో, దండు ఖాను చేతిలో. ఈ ద్వంద్వాధికారము బుస్సీకి అనుకూలముగ నుండెను. ఒకరిని మఱియొకరు కనిపెట్టియుందురు. కాని ఇట్టి తూకము నిలువవలెనన్న త్రాసు పట్టిన చేయి స్థిరముగ నుండవలెను. 1756లో ఆ చేయియే వణకెను.

చార్‌మహలు వార్త

1756లో పీష్వా బాలాజీ బాజీరావు, సలాబత్‌జంగు కలిసి సవనూరు నవాబుపై దండెత్తిరి. పీష్వా కొలువు విడిచి సవనూరు చేరిన ముజఫరుఖాను అను మఱియొక గార్దీ నాయకుడు ఆ కలహమునకు ముఖ్యకారణము. బుస్సీ ఫిరంగుల బలముచే కోటవారు లొంగిరి. పని ముగిసిన వెంటనే, దివాను షానవాజుఖాను ప్రేరణచే సలాబత్‌జంగు 1756 మేలో బుస్సీని కొలువునుండి తొలగించెను. బుస్సీ తన సేనతో హైదరాబాదు చేరి, చార్‌మహలు తోటలో ఫిరంగులు నిలుపుకొని, నిజాము సేనల ముట్టడిని రెండు నెలలు ఓర్చెను. మచిలీపట్టణమునుండి లా దొర తెచ్చిన సహాయసేన ఆగస్టు మధ్య చేరెను. ఆగస్టు 20వ తేదీన సలాబత్‌జంగు రాజీపడెను.

ఈ నెలలలో సర్కారులనుండి బుస్సీకి రావలసిన సొమ్ము నిలిచిపోయెను. బుస్సీ పని ముగిసినదని తలచి ఇబ్రహీంఖాను స్వతంత్రించెను. విజయరామరాజు మాత్రము బుస్సీపట్ల నమ్మికను విడువలేదు. ఓర్ము ఈ సందర్భమున ఖానుని కృతఘ్నునిగను, రాజును విశ్వాసపాత్రునిగను చిత్రించుచున్నాడు. తరువాతి జిల్లా గ్రంథములును ఆ తీర్పునే అనుసరించినవి.

ఈ తీర్పును మూడు వైపులనుండి పరిశీలింపవలసియున్నది.

మొదటిది ధర్మశాస్త్ర దృష్టి. సర్కారుల సన్నదు సలాబత్‌జంగు పేర పుట్టినది. బుస్సీ అధికారము నిజాము ఇచ్చినది. నిజామే బుస్సీని తొలగించినప్పుడు ఆతని క్రింది అధికారి ఎవ్వరికి లెక్క చెప్పవలెను? మే నెలనుండి ఆగస్టువఱకు ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము లేదు. బుస్సీకి సొమ్ము పంపకుండుట నిజాము దృష్టిలో ద్రోహము కాకపోగా విధేయతయే యగును. ఇది ఖానునకు అనుకూలమైన వాదము. కాని ఈ వాదమునకు ఒక హద్దు కలదు. ఆగస్టు 20 తరువాత నిజాము, బుస్సీ తిరిగి ఏకమైరి. అప్పుడైనను ఖాను లెక్క చెప్పి నిలువవచ్చును గదా! నిలువలేదు. కావున ఆతని నడవడిని కేవలము న్యాయనిష్ఠగా సమర్థింపజాలము.

రెండవది సేన దృష్టి. శ్రీకాకుళమున ఖానుని క్రింద నున్న సిపాయిలకును నెలజీతము చెల్లవలెను. హైదరాబాదున చిక్కుకొనిన యజమానికి సొమ్ము పంపినచో ఇచ్చటి దళము పస్తుండును, పంపనిచో ద్రోహియగును. జీతము చెల్లని గార్దీలు తమ నాయకునే నిర్బంధించుట ఆ కాలమున అపూర్వము గాదు. సేనానికి తన దండు ఆస్తియు నదియే, అపాయమును నదియే.

మూడవది ఫలము దృష్టి. ఖాను చేసినది ఒక అంచనా. యజమాని ఓడునని తలచెను, ఆతడు ఓడలేదు. రెండేండ్ల తరువాత, 1758లో లాలీ పిలుపుపై బుస్సీ దక్షిణమునకు పోయినప్పుడు, విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందరాజు సరిగా ఇట్టి అంచనాయే వేసెను. ఫ్రెంచివారిని ధిక్కరించి విశాఖపట్టణమును పట్టుకొని, వంగదేశమునందున్న క్లైవును పిలిపించెను. కర్నలు ఫోర్డు వచ్చెను. 1758 డిసెంబరున చందుర్తి యుద్ధమునను, 1759 ఏప్రిలున మచిలీపట్టణపు ముట్టడియందును ఫ్రెంచివారు ఓడిరి. ఆనందరాజు అంచనా ఫలించినది గనుక ఆంగ్ల చరిత్రలో ఆతడు మిత్రుడు. ఇబ్రహీంఖాను అంచనా తప్పినది గనుక ఆతడు కృతఘ్నుడు. క్రియ యొకటే, పేర్లు రెండు. ఈ భేదము నీతియందు లేదు, జయాపజయములయందే యున్నది.

పలాయనము, బొబ్బిలి

1756 నవంబరులో బుస్సీ హైదరాబాదునుండి కదలెను. ఐదువందల ఐరోపీయులును, నాలుగువేల సిపాయిలును వెంట నుండిరని ఓర్ము లెక్క. డిసెంబరులో రాజమహేంద్రవరము చేరెను. అచ్చట విజయరామరాజు, ఇతర సంస్థానాధిపతులును సుమారు పదివేల జనముతో ఎదురేగిరి. ఇబ్రహీంఖాను అప్పటికే దేశము విడిచి పోయెను.

బొబ్బిలి కథను ఈ ఘట్టమునుండి చూడవలెనని నా మనవి. సాధారణముగ మనము ఈ యుద్ధమును రెండు సంస్థానముల వైరముగా తలచెదము. ఆ వైరము నిజమే. ఏటినీటి తగవులు, పొలిమేర దోపిళ్లు చాలకాలముగ నుండెను. కాని ఆ వైరము తరములనుండి యున్నదే గదా, 1757 జనవరిలోనే అది సర్వనాశముగ పరిణమించుటకు హేతువేమి? అంతకుముందు శ్రీకాకుళమున బుస్సీ పక్షమున ఒక సేనాని యుండెను. ఆతడు విజయరామరాజునకు అధీనుడు కాడు. రాజు పలుకుబడికి ఆతడొక అడ్డు. ఖాను తొలగినంతనే త్రాసులో ఒక తట్ట ఖాళీయయ్యెను. కష్టకాలమున నిలిచినవాడు విజయరామరాజొక్కడే. సర్కారుల రాబడికి ఇక దిక్కును ఆతడే. ఇట్టి స్థితిలో ఆతని కోరికను త్రోసిపుచ్చుట బుస్సీకి సాధ్యము కాలేదు. ఆ కోరిక బొబ్బిలి.

బుస్సీ తొలుత యుద్ధమునే తలపెట్టలేదు. రంగారావు బొబ్బిలిని విడిచినచో అంతకు మించిన భూమిని వేఱొకచోట నిచ్చెదనని కబురంపెను. పూర్వుల గడ్డను విడుచుట రంగారావునకు ప్రాణత్యాగముకంటె దుస్సహము. ఇంతలో సిపాయిల పటాలము బొబ్బిలి అడవిలో పోవుచుండగా దాడి జరిగి, ముప్పదిమంది హతులైరి. ఇది రంగారావు పనియని కొందఱు, విజయరామరాజు పన్నాగమని కొందఱు అనిరి. జనవరి 24 తెల్లవాఱుజామున నాలుగు ఫిరంగులు కోట బురుజులపై గుండ్లు కురిపింప మొదలిడెను. కోట పడినది. స్త్రీబాలవృద్ధులను తమవారే అగ్నికి ఖడ్గమునకు నర్పించిన ఘోరము అందఱెఱిగినదే. మూడవనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలో పాపారాయుని బృందముచే హతుడయ్యెను.

ఇట జాగ్రత్తగ ఒకమాట చెప్పవలెను. ఇబ్రహీంఖాను నిలిచియున్నచో బొబ్బిలి దగ్ధము కాకుండెడిదని నేను చెప్పబోను. చరిత్రలో జరుగనిదానికి ప్రమాణము లేదు. నే చెప్పునది ఇంతమాత్రమే: బుస్సీకి ఇష్టము లేని యుద్ధమును ఆతనిచే చేయించిన బలము విజయరామరాజు ఒంటరి ప్రాముఖ్యము. ఆ ప్రాముఖ్యమును కల్పించినది ఖానుని ధిక్కారము, పలాయనము. చార్‌మహలు తోటలో పేలిన ఫిరంగి ప్రతిధ్వని శ్రీకాకుళము మీదుగ బొబ్బిలికి చేరినది.

తరువాతి జీవితము

సర్కారులు విడిచిన ఇబ్రహీంఖాను బీరారుకు పోయి, సలాబత్‌జంగు తమ్ముడైన నిజామలీ కొలువున చేరెను. ఫిరంగులతోను సిపాయిలతోను నిజామలీకి క్రొత్తబలము సమకూర్చినవాడు బుస్సీ కోపమునకు వెఱచి పాఱిపోయి వచ్చిన ఈతడేయని ఓర్ము గుర్తించెను. బుస్సీ నేర్పిన విద్య బుస్సీకే ఎదురు నిలిచినది. 1758 మేలో ఔరంగాబాదున హైదరుజంగు నిజామలీ చేత హతుడయ్యెను. బొబ్బిలి వినాశమునకు కారకుడని మన జనులు నిందించిన దివాను జీవితము అట్లు ముగిసెను.

నిజామలీ కొలువునందును ఖాను నిలువలేదు. అచ్చటినుండి వెడలిన ఆతనిని పీష్వా పినతండ్రి కుమారుడైన సదాశివరావు భావు 1759లో చేరదీసెను. 1760 ఫిబ్రవరిలో ఉదగీరున నిజాము సోదరులు మహారాష్ట్రులచే ఓడిరి. ఆ యుద్ధమున ఖానుని ఫిరంగులు తన పాత యజమానులపైననే పేలెను. భావు ఆతనిని ఉత్తరదేశమునకు వెంట గొనిపోయెను.

1761 జనవరి 14న పానిపట్టున జరిగిన దానిని షుజాఉద్దౌలా పక్షమున నుండి కన్నులార చూచిన కాశీరాజ పండితుడు వర్ణించెను. ఆతని లెక్కలో ఖానుని క్రింద తొమ్మిదివేల సిపాయిలు, నలువది ఫిరంగులు నుండెను. తన సిపాయిల జీతమునకై పట్టుపట్టి భావునకు కోపము తెప్పించిన ఖాను, యుద్ధారంభమున భావును సమీపించి, నెలజీతమింకను ముట్టకున్నను నేడు ఋణమంతయు తీర్చెదమని పలికెనని ఆ పండితుడు చెప్పుచున్నాడు. పిమ్మట తన దళములతో రోహిలాలను ఢీకొని వారికి మహానష్టము కలిగించెను. ఆతని దళములలో అధికభాగము ఆ రంగముననే రాలిపోయెను. ఖాను గాయములతో పట్టుబడెను. షుజాఉద్దౌలా రక్షింపజూచినను అబ్దాలీ పక్షమువారు విడువలేదు. వారము దినములలో మరణించెను.

ఉపసంహారము

శ్రీకాకుళమున యజమానిని ధిక్కరించి పాఱిపోయిన ఖానును, పానిపట్టున ఓడునని తెలిసియు నిలిచి పోరాడిన ఖానును ఇరువురు వేర్వేఱు మనుష్యులవలె తోచుదురు. మహారాష్ట్ర చరిత్ర రెండవవానిని స్వామిభక్తికి మాదిరిగా కీర్తించినది. మన జిల్లా చరిత్రలు మొదటివానిని కృతఘ్నతకు మాదిరిగా విడిచిపెట్టినవి. రెండును ఒక్కని నడవడియే. ఆ రెంటిని కలుపు సూత్రము జీతము. 1756లో సర్కారు ఆదాయముపై తగవు జీతపు తగవే. 1761లో భావుతో పంతము జీతపు పంతమే. ఆతడు యజమానులను మార్చెను గాని తన సిపాయిలకు రావలసిన దానిని అడుగుట మానలేదు. జీతము దొరకని దినమున ఒకచోట విడిచిపోయెను, మఱియొకచోట ప్రాణమిచ్చెను. ఈ రెంటి నడుమ మనుష్యుడే మాఱెనో, నేర్చుకొనెనో, లేక పోవుటకు చోటు మిగులలేదో పాఠకులే నిర్ణయింపవచ్చును. ఉత్తరదేశమున, శత్రువు చుట్టుముట్టిన శిబిరమున, విడిచిపోవుటకు దారియు లేకుండెనన్నది మఱువరాదు.

మన ప్రాంతీయ చరిత్రను వ్రాయు పరిశోధకులకు ఈ కథ ఒక సూచన చేయుచున్నది. బొబ్బిలి యుద్ధమును పద్మనాయకుల పౌరుషముగను, పూసపాటివారి పగగను వర్ణించుటతో మన పని తీఱదు. ఆ యుద్ధమున పేలిన ఫిరంగులకు మందు ఎవ్వరి సొమ్ముతో వచ్చెను, సిపాయిల జీతము ఏ గ్రామములనుండి పుట్టెను అని విచారింపవలెను. శ్రీకాకుళం సర్కారు రైతు చెల్లించిన శిస్తు గార్దీకి జీతమైనది. ఆ జీతమునకై పుట్టిన తగవు బొబ్బిలిని కాల్చినది. ఆ విద్య నేర్చిన నాయకుడు వందల క్రోసుల దూరమున యమునాతీరపు మైదానమున నేలకొరగెను. వీరుల పేర్లు కథలలో నిలిచినవి. వారిని వారిని ఎదురెదురుగ నిలిపిన లెక్కల పుస్తకమును విప్పి చూచుట చరిత్రకారుని వంతు.